ఒకే కథ, రెండు తూకాలు

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. దేవుడి మీద నమ్మకంతోనే పెరిగాను. పొద్దునా రాత్రీ ప్రార్థన చేయని రోజు ఉన్నట్టు గుర్తు లేదు. మూడేళ్ల కిందట మా నాన్నకు గుండె ఆపరేషన్ అయింది. ఆ రాత్రంతా ఆసుపత్రి వరండాలో కూర్చుని దేవుణ్ని వేడుకున్నాను. నాన్న బతికారు. దేవుడున్నాడని నీకెలా తెలుసని ఎవరడిగినా ఆ రాత్రి సంగతే చెప్పేదాన్ని. పోయిన నెల ఆఫీసులో నా పక్క సీటు ఆయన వాళ్లమ్మ ఆపరేషన్ గురించి చెప్పాడు. ఆయనది వేరే మతం. అదే వరండా, అదే రాత్రి జాగారం, అదే వేడుకోలు, చివరికి తల్లి బతకడం. అచ్చం నా కథే. వింటూ తలూపాను గానీ లోపల మాత్రం 'పాపం, అదృష్టం కలిసొస్తే దేవుడనుకుంటున్నాడు' అనుకున్నాను. ఇంటికొస్తుంటే బస్సులో తట్టింది. ఆయనది అదృష్టమైతే నాది దేవుడి దయ ఎలా అయింది? అప్పటినుంచి ప్రార్థనకి కూర్చుంటే మాట నోట్లోనే ఆగిపోతోంది. ఇలా అనుకోవడమే పాపమేమోనని భయం. ఇంట్లో చెప్పలేను. నేను నమ్మింది తప్పయితే ఇన్నేళ్ల నా బతుక్కి అర్థమేమిటి?

సమాధానం:

మీ ఉత్తరంలో మీది ఏ మతమో లేదు. ఒకచోట ఏదో రాసి, కాగితం చిరిగేంత గట్టిగా కొట్టేశారు. వెలుతురుకి పట్టి చూస్తే చదవొచ్చేమో, చూడలేదు. ఏ మతమైనా నేను చెప్పేది ఇదే కాబట్టి తెలియకపోవడమే నయం. సంతకం చోట నీలం ఇంకుతో 'ఒక విశ్వాసి' అని రాసి, పక్కన నల్ల ఇంకుతో ప్రశ్నార్థకం పెట్టారు. ఉత్తరం రాశాక ఎప్పుడో, బహుశా కవరు అంటించే ముందు, పెన్ను మార్చి మరీ పెట్టారన్నమాట. నేను ఆ నల్ల ఇంకుకే జవాబు రాస్తున్నాను.

ముందు బస్సులో తట్టిన సంగతి. మీ దగ్గర రెండు తక్కెడలు ఉన్నాయని ఆ రోజు మీకు తెలిసింది. ఒకటి మీ కథకి, ఇంకొకటి ఆయన కథకి. ఇది మీ ఒక్కరి జబ్బు కాదు లెండి. పక్కింటివాళ్ల నమ్మకంలోని కంత మనకు ఇట్టే కనిపిస్తుంది, మనదాంట్లో కంత ఉందంటే కోపం వస్తుంది. ఆ పక్క సీటు ఆయన కూడా మీ కథ వింటే ఇలాగే తలూపి, లోపల ఇంకోలా అనుకునేవాడేమో. తేడా అల్లా మీరు దాన్ని పట్టుకున్నారు.

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో గ్రీసులో డయాగరస్ అని ఒకాయన ఉండేవాడు, నాస్తికుడని పేరు. ఆయన గురించి రోమన్ రచయిత సిసెరో ఒక ముచ్చట చెబుతాడు. స్నేహితుడొకడు ఆయనకి, తుపానులో దేవతలకు మొక్కుకుని ప్రాణాలతో ఒడ్డున పడ్డవాళ్లు వేయించిన బొమ్మలు చూపించి, 'ఇంతమందిని కాపాడారు, ఇంకా నమ్మవా' అన్నాడట. డయాగరస్ బొమ్మలన్నీ చూసి, 'మునిగిపోయినవాళ్ల బొమ్మలు ఎక్కడా లేవే' అన్నాడట.

మీరు కూర్చున్న వరండా ఒకసారి గుర్తు తెచ్చుకోండి. గుండె ఆపరేషన్లు జరిగే ఆసుపత్రిలో ఆ రాత్రి మీరొక్కరే ఉండి ఉండరు. అదే బెంచీ మీద, చెప్పులు కింద వదిలి, కాళ్లు ముడుచుకుని, పెదాలు కదుపుతూ ఇంకెవరైనా కూర్చున్నారా? వాళ్లు తెల్లవారి ఎలా వెళ్లారు? అక్కడ మీ అంత గట్టిగా వేడుకుని, తండ్రి లేకుండా ఇంటికి వెళ్లిన కూతుళ్లు ఉంటారు. వాళ్లు ఆఫీసులో ఆ రాత్రి గురించి చెప్పరు. అందుకే మన చెవిన పడేవన్నీ బతికినవాళ్ల కథలే అవుతాయి.

ఈ విషయాన్ని లెక్క కట్టి చూసినవాళ్లూ ఉన్నారు. అమెరికాలో 6 ఆసుపత్రుల్లో గుండె బైపాస్ ఆపరేషన్ చేయించుకున్న 1,802 మందిని మూడు గుంపులు చేశారు. ఫలితాలు 2006లో వచ్చాయి. మొదటి రెండు గుంపులకీ, మీ కోసం ప్రార్థన జరగొచ్చు, జరగకపోవచ్చు అని చెప్పారు. వాటిలో ఒక గుంపు కోసమే ప్రార్థన చేయించారు. మూడో గుంపుకి, మీ కోసం తప్పకుండా ప్రార్థన జరుగుతుందని చెప్పి మరీ చేయించారు. ఆపరేషన్ తర్వాత ఇబ్బందులు వచ్చినవాళ్లు, ప్రార్థన అందిన మొదటి గుంపులో 52 శాతం, అందని గుంపులో 51 శాతం. తేడా లేనట్టే. తమ కోసం ప్రార్థిస్తున్నారని ఖాయంగా తెలిసిన మూడో గుంపులో 59 శాతం! 'ప్రార్థన దాకా వచ్చిందంటే నా పరిస్థితి అంత విషమమా' అని వాళ్లు కంగారు పడ్డారేమోనని కొందరన్నారు. అది ఊహే.

దీంతో దేవుడు లేడని తేలిపోయిందా? తేలలేదు. దేవుడు పరీక్షలకి కూర్చునే విద్యార్థి కాడని విశ్వాసులు అంటారు. అందులో పస ఉంది. తండ్రి కోసం చచ్చేంత దిగులుపడే కూతురి వేడుకోలూ, పేరు తప్ప ఏమీ తెలియని అపరిచితుల ప్రార్థనా ఒకటేనా అనీ అంటారు. అదీ న్యాయమైన ప్రశ్నే. నేను చెప్పేది అంతకంటే చిన్న మాట. 'నాన్న బతికారు కాబట్టి నా నమ్మకం నిజం' అనే వాదన నిలవదు. మీ పక్క సీటు ఆయన వాదన ఏ కారణానికి నిలవదో సరిగ్గా ఆ కారణానికే నిలవదు. ఆ రాత్రిని రుజువుల జాబితాలోంచి తీసేయండి. తీసేస్తే మీ నమ్మకానికి ఇంకేం మిగిలిందో చూడాలి. ఏమీ మిగలకపోతే అది తెలుసుకోదగ్గ సంగతే. మిగిలితే ఆ మిగిలినదే మీ అసలు నమ్మకం. ఇన్నాళ్లూ దాన్ని మీరు సరిగ్గా చూసి ఉండరు.

రుజువుగా పనికి రాలేదు కదా అని ఆ రాత్రినే చులకన చేసుకోకండి. ఒక మనిషి తండ్రి కోసం తెల్లవార్లూ మేలుకుని కూర్చుంది. అది దేవుడున్నా జరిగింది, లేకున్నా జరిగింది.

ఇక పాపం సంగతి. సందేహం పాపమని మీకు ఎవరు చెప్పారో నాకు తెలియదు గానీ, పెద్ద మతాలన్నిటి మధ్యలోనూ సందేహించినవాళ్లు కూర్చుని ఉన్నారు. కఠోపనిషత్తులో నచికేతుడు, చచ్చాక మనిషి ఉంటాడని కొందరు, ఉండడని కొందరు అంటున్నారు, ఏది నిజమని నేరుగా యముణ్నే అడుగుతాడు. యముడు కోప్పడలేదు. పూర్వం దేవతలకే ఈ సందేహం వచ్చింది, ఇంకేదైనా కోరుకో అంటూ తప్పించుకోబోయాడు. బౌద్ధుల పాళీ సూత్రాల్లో కాలాములనేవాళ్లు వస్తారు. వాళ్ల బాధ అచ్చం మీదే. మా ఊరికొచ్చే ప్రతి బోధకుడూ తనదే నిజమంటాడు, మిగతావాళ్లది తప్పంటాడు, మేము ఎవర్ని నమ్మాలి అని బుద్ధుణ్ని అడుగుతారు. బుద్ధుడు మొట్టమొదట అన్నదేమిటంటే, మీరు సందేహించడం సరైనదే, సందేహం రావాల్సిన చోటే వచ్చింది అని. మదర్ థెరీసా చనిపోయిన పదేళ్లకి, 2007లో, ఆమె ఆంతరంగిక ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. దేవుడి జాడ తనకు తెలియడం లేదని, లోపలంతా చీకటేనని దశాబ్దాల పాటు తన గురువులకు రాసుకుందావిడ. బయట చూసినవాళ్లెవరూ అనుకోలేదు.

వీళ్లందరికంటే మీకు దగ్గరివాడు ఇంకొకాయన. పేరు అల్ గజాలీ, పర్షియాలో 1058లో పుట్టాడు. 1091 నాటికి బాగ్దాద్‌లోని నిజామియా విద్యాపీఠంలో ఆచార్యుడు. ఆ కాలంలో ఇస్లామిక్ లోకంలో అంతకు మించిన పదవి దాదాపు లేదు. క్రైస్తవుల పిల్లలు క్రైస్తవులుగానే, యూదుల పిల్లలు యూదులుగానే, ముస్లింల పిల్లలు ముస్లింలుగానే పెరగడం తన కళ్లారా చూశానని, తన వెతుకులాట అక్కణ్నుంచే మొదలైందని ఆయన స్వయంగా రాసుకున్నాడు. మీ బస్సు ప్రశ్నే ఇది, తొమ్మిది వందల ఏళ్ల కిందటిది. పుట్టుకతో వచ్చినదాన్ని పక్కన పెడితే ఖాయంగా తెలిసిందేమిటని వెతుకుతూ పోయి, చివరికి కళ్లని కూడా నమ్మలేని స్థితికి వచ్చాడు. నీడ కదలనట్టే కనిపిస్తుంది, కాసేపాగి చూస్తే జరిగి ఉంటుంది. నక్షత్రం నాణెమంత కనిపిస్తుంది, లెక్క కడితే భూమికంటే పెద్దది. కన్ను ఇంత మోసం చేస్తే బుద్ధి మోసం చేయదని ఏమిటి నమ్మకం? ఈ జబ్బు దాదాపు రెండు నెలలు పీడించిందంటాడు.

అక్కడితో అయిపోలేదు. 1095లో ఇంకో దెబ్బ తగిలింది. ఈసారి సందేహం మతం మీద కాదు, తన మీదే. నేను పాఠం చెబుతున్నది దేవుడి కోసమా, పేరు కోసమా? ఉండాలా, అన్నీ వదిలి వెళ్లాలా అని ఆరు నెలలు అటూ ఇటూ కొట్టుకున్నాడు. చివరికి ఒకరోజు పాఠం చెప్పడానికి కూర్చుంటే నాలుక తిరగలేదు. మాట రాలేదు. గుక్కెడు నీళ్లు దిగలేదు. ఇది మనసులోంచి ఒంట్లోకి దిగిన జబ్బు, మందుల్లేవని వైద్యులు చేతులెత్తేశారు. మాట నోట్లోనే ఆగిపోతోందని మీరు రాసిన వాక్యం చదవగానే నాకు గుర్తొచ్చింది ఈయనే. ఉద్యోగం వదిలేసి బాగ్దాద్ దాటి వెళ్లిపోయాడు. మళ్లీ పాఠం చెప్పడానికి వచ్చింది 1106లో. 1111లో విశ్వాసిగానే పోయాడు, అయితే ఆ విశ్వాసం వెనకటిది కాదు.

ఆయన కథ ఎందుకు చెప్పానంటే 'చూశారా, సందేహించినా చివరికి నమ్మకానికే వస్తారు' అని ఊరడించడానికి కాదు. చాలామంది రారు. రానివాళ్లూ మంచివాళ్లుగానే బతికారు. మీరు ఎటు తేలతారో నాకు తెలియదు, తెలిసినట్టు నటించను. మీ నోరు ఆగిపోవడం శాపం కాదని చెప్పడానికి మాత్రమే ఆయన్ని పిలిచాను.

భయం గురించి ఇంకొక్క మాట. 'నమ్మితే పోయేదేముంది, నమ్మకపోతే నరకం, కాబట్టి నమ్మడమే లాభం' అని మీకెవరో ఒకరు చెప్పే ఉంటారు. ఫ్రాన్సులో పాస్కల్ అనే గణితవేత్త ఈ పందేన్ని లెక్కలా రాశాడు, ఆయన పోయాక 1670లో అచ్చయింది. తర్వాతి శతాబ్దంలో దిదెరో అనే ఆయన, ఇదే వాదన ఒక ఇమామూ చేయొచ్చుగా అని ఒక్క ముక్కలో తేల్చేశాడు. నిజమే కదా. ఎవరి నరకానికి భయపడాలి? మీ పక్క సీటు ఆయన మతంలో మీకు ఏం శిక్ష రాసిపెట్టి ఉందో ఎప్పుడైనా ఆలోచించి నిద్ర మానుకున్నారా? మానుకోలేదు. మీ భయం కూడా మీరు పుట్టిన ఇంట్లో పుట్టిందే. భయం ఉండటం తప్పేమీ కాదు, కానీ అది కారణాల వరసలో కూర్చోకూడదు.

ఇప్పుడు అసలు పని. 'నేను నమ్మింది తప్పయితే' అని ఒక్క మాటలో రాశారు. అది ఒక్క ప్రశ్న కాదు, మూట. విప్పండి. ఫలానా కాలంలో ఫలానా సంఘటన జరిగిందనేది అందులో ఉంటుంది, దాన్ని చరిత్ర అడిగినట్టు అడగాలి. దేవుడున్నాడు, చచ్చాక ఇంకో లోకం ఉంది అనేవి ఉంటాయి, వాటిని తత్వశాస్త్రం అడిగినట్టు అడగాలి, అక్కడ ఖాయమైన జవాబు త్వరగా దొరుకుతుందని ఆశ పెట్టుకోకూడదు. ఎలా బతకాలో చెప్పే నియమాలు ఉంటాయి. ఇంకా పాటలు, చిన్నప్పటి వాసనలు, పెద్దవాళ్ల గొంతులు, మనవాళ్లు అనే ఊరట ఉంటాయి. ఇవి నిజమా అబద్ధమా అనే ప్రశ్నకే అందవు. మీ అమ్మ గొంతులో విన్న ప్రార్థన మీకు ఇష్టం కావడానికి లోకం ఎన్ని రోజుల్లో పుట్టిందో తేలాల్సిన పని లేదు. మూటలో ఒకటి చెడిందని అన్నీ పారేయక్కర్లేదు. ఒకటి బాగుందని అన్నిటినీ వెనకేసుకురానూ అక్కర్లేదు. మతగురువులు సాధారణంగా ఈ మూట విప్పనివ్వరు, వాళ్లకి మూట మూటగానే కావాలి. నాస్తికుల్లో కొందరికీ అంతే!

ఏది ముందు పరీక్షించాలి? దీనికి నా దగ్గర ఒక గట్టి అభిప్రాయం ఉంది. ఏ నమ్మకం బరువు ఇతరుల మీద పడుతుందో దాన్ని ముందు పట్టుకోండి. మళ్లీ ఓడ కథే. ఇంగ్లండులో క్లిఫర్డ్ అనే గణితవేత్త 1877లో రాశాడు. ఒక ఓడ యజమాని ఉంటాడు. ఓడ పాతబడింది, ఎన్నోసార్లు మరమ్మతు చేయించాల్సి వచ్చింది. వలసపోయే కుటుంబాలతో బయల్దేరబోతోంది. దానికి సముద్రం దాటే సత్తా ఉందా అని ఆయనకి అనుమానం. ఓడ విప్పి చూపించాలంటే ఖర్చు. అందుకని, ఇన్నిసార్లు వెళ్లొచ్చింది కదా, దేవుడు ఇంతమందిని చూసుకోడా అనుకుంటూ అనుమానాన్ని అణిచేసి, నిజంగానే మనస్ఫూర్తిగా నమ్మేస్తాడు. ఓడ మునిగిపోతుంది. క్లిఫర్డ్ అక్కడ ఆగడు. ఒకవేళ ఓడ క్షేమంగా చేరినా ఆయన తప్పు ఇసుమంతైనా తగ్గదంటాడు. నమ్మే హక్కు ఆయనకి లేదు, ఎందుకంటే ఆ నమ్మకం పరీక్షించి సంపాదించింది కాదు, అనుమానం గొంతు నొక్కి సంపాదించింది.

నాకు క్లిఫర్డ్ ప్రతి విషయంలోనూ నచ్చడు. ఆయన చెప్పినంత కచ్చితంగా బతకాలంటే పొద్దున మంచం దిగలేం. కానీ ఓడలో ఎవరున్నారు అన్న ప్రశ్న మాత్రం వదలకండి. మీ నమ్మకం వల్ల ఎవరికైనా వైద్యం ఆగుతోందా? ఎవరినైనా తక్కువ చేసి చూస్తున్నారా? ఎవరి పెళ్లినైనా అడ్డుకున్నారా? పిల్లలుంటే వాళ్లని దేనికి భయపెడుతున్నారు? ఇవి ఈ వారమే చూడాల్సినవి. సృష్టికి మూలమేమిటనేది పదేళ్లు ఆగినా మునిగిపోయేదేం లేదు.

ఎలా పరీక్షించాలో మన తార్కికులు చాలాకాలం కిందటే ఒక పద్ధతి పెట్టారు. వాళ్ల న్యాయసూత్రాల్లో మొదటి సూత్రమే పదహారు పదార్థాల జాబితా, అంటే విచారించాల్సిన అంశాలు. ప్రమాణం అంటే తెలుసుకునే సాధనం, ప్రమేయం అంటే తెలుసుకోవాల్సింది, ఆ వెంటనే మూడోది సంశయం. సందేహం లేనిదే విచారణ మొదలుకాదని వాళ్ల లెక్క. ఇక వాదన చేసేటప్పుడు ముందు పూర్వపక్షం చెప్పాలి, అంటే ఎదుటివాడి మాటని వాడే ఒప్పుకునేంత బలంగా. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు అన్ని దర్శనాల్నీ ఒకచోట చేర్చి సర్వదర్శనసంగ్రహం రాస్తూ, దేవుణ్నీ పరలోకాన్నీ కొట్టిపారేసిన చార్వాకులతోనే మొదలుపెట్టాడు. ఆయన వేదాంతి. (ఇందులో ఒక వింత ఏమిటంటే చార్వాకుల సొంత గ్రంథాలు దాదాపు అన్నీ పోయాయి. వాళ్లేమన్నారో ఇవాళ మనకు తెలిసేది ఎక్కువగా వాళ్లని ఖండించినవాళ్ల పుస్తకాల్లోంచే. ఖండించేవాడి నోట విన్నది ఎంత నమ్మొచ్చో మీరే చూసుకోండి.)

మీ మతాన్ని విమర్శించినవాళ్లలో బాగా చదువుకున్న ఒకరి పుస్తకం తీసుకోండి, మీ మతాన్ని సమర్థించినవాళ్లలో అంతే చదువుకున్న ఒకరిది తీసుకోండి. రెండూ పూర్తిగా చదవండి. వీడియోలు వద్దు. వాటిలో గెలిచేది గొంతు. నోటుబుక్కులో ఒక పేజీలో ఎదుటిపక్షం మాటని మీ సొంత మాటల్లో రాయండి. రాశాక చదువుకుంటే 'ఇది మూర్ఖులు మాత్రమే నమ్ముతారు' అనిపించిందా, మీరింకా సరిగ్గా రాయలేదని అర్థం. చింపేసి మళ్లీ రాయండి. నేను ఒక పేజీ నాలుగుసార్లు రాశాను.

ఆ నాలుగుసార్ల వెనక నా కథ ఉంది. నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒక పుస్తకం చదివి పదిహేను రోజుల్లో నమ్మకం మొత్తం వదిలేశాను. అంతవరకూ నమ్మనివాళ్లని చూసి జాలిపడేవాణ్ని, ఆ తర్వాత నమ్మేవాళ్లని చూసి జాలిపడటం మొదలుపెట్టాను. పక్షం మారింది, గొంతు మారలేదు. ఒకసారి మా పెద్దమ్మ ప్రార్థన చేసుకుంటుంటే గుమ్మంలో నిలబడి, 'ఎవరు వింటున్నారనుకుంటున్నావు' అన్నాను. ఆవిడ కళ్లు తెరవలేదు, పెదాలు మాత్రం ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలాయి. ఆ ఆగడం ఇప్పటికీ నా కళ్ల ముందు ఉంది. పదేళ్ల తర్వాత గానీ తెలియలేదు, నా కొత్త అభిప్రాయాన్ని నేను పాతదానికంటే ఎక్కువేమీ పరీక్షించలేదని. అప్పుడు కూర్చుని రాసిన పేజీ అది. ఇవాళ నేను నమ్మనివాడినే. కానీ ఎందుకు నమ్మనో ఇప్పుడు చెప్పగలను, అప్పుడు చెప్పలేకపోయేవాణ్ని. ఇంతకుమించి నా సంగతి ఇక్కడ అనవసరం. నేను నమ్మను కాబట్టి మీరూ మానాలనుకుంటే మీరు మళ్లీ ఇంకొకరి తక్కెడ అరువు తెచ్చుకున్నట్టే.

సందేహానికీ ఒక హద్దు ఉంది. ఉదయనుడనే న్యాయశాస్త్ర తార్కికుడు చెప్పిన మాట ఇది. మన ప్రవర్తనకే విరుద్ధంగా పోయే చోట సందేహం ఆగిపోవాలి. నిప్పుంటేనే పొగ అన్నదాన్ని అనుమానిస్తున్నానంటూనే పొగ కావాల్సి వచ్చినప్పుడు నిప్పు రాజేసేవాడి అనుమానం ఒట్టి నోటిమాట. మీ బస్సు ప్రశ్న అలాంటిది కాదు, దానికి వెనక కారణం ఉంది. కానీ కారణం లేని ప్రశ్నలూ వస్తాయి. 'ఇప్పుడు మనసులో దూషణ మాట మెదిలిందా? మెదిలితే మళ్లీ ప్రార్థన మొదటినుంచి చేయాలా?' ఇలా ఒకే ఆలోచన రోజుకి వందసార్లు తిరిగి తిరిగి వస్తూ, ప్రార్థన తప్పు పోయిందని పదే పదే చేస్తూ, నిద్ర పట్టక, పని జరక్క పోతుంటే అది మతం మీద సందేహం కాదు. ఓసీడీ అనే మానసిక జబ్బు కొందరిలో మతం రూపంలోనే వస్తుంది, దానికి చికిత్స ఉంది, మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి. మీ ఉత్తరంలో ఆ లక్షణాలు నాకు కనబడలేదు. ఇదే చదివే ఇంకొకరికి పనికొస్తుందని రాశాను.

ఇంట్లో చెప్పలేనన్నారు. చెప్పకండి. ఇంకా మీకే తేలని సంగతి ఇంట్లో ప్రకటించడం నిజాయితీ అనిపించుకోదు, తొందరపాటు అనిపించుకుంటుంది. తేలాక కూడా, మీ జీతం, ఇల్లు, పిల్లలు, ఒంటికి రక్షణ వీటిలో ఏదైనా ఈ మాట వల్ల పోయే ప్రమాదముంటే ముందు వాటి సంగతి చూసుకోండి. మతం వదిలితే చట్టమే శిక్షించే దేశాలు ఇవాళ్టికీ ఉన్నాయి. చట్టం ఊరుకున్నా కుటుంబం ఊరుకోని ఇళ్లు అన్ని దేశాల్లోనూ ఉన్నాయి. మాట దాచుకోవడం వేరు, అబద్ధమాడటం వేరు. ఎవరైనా నిలదీసి అడిగితే 'ఆలోచిస్తున్నాను' అనండి. అది అక్షరాలా నిజం.

ఇన్నేళ్ల బతుక్కి అర్థమేమిటని అడిగారు. తప్పని తేలితే తప్పు దేవుడి గురించి మీ అభిప్రాయంలో ఉంటుంది. ఆ అభిప్రాయంతో ఉండగా మీరు చేసిన పనులు ఎక్కడికీ పోవు. కోపమొచ్చినప్పుడు నోరు అదుపులో పెట్టుకుని ఉంటారు, ఎవరికో సాయపడి ఉంటారు, ఎవర్నో క్షమించి ఉంటారు. వాటిని అందుకున్నవాళ్లకి మీ సిద్ధాంతం అక్కర్లేకపోయింది. అదే నమ్మకంతో ఎవరినైనా బాధపెట్టి ఉంటే అదీ అలాగే మిగులుతుంది. దానికి వెళ్లి మాట్లాడాల్సింది ఆ మనిషితో. నేను మా పెద్దమ్మతో మాట్లాడేలోపే ఆవిడ పోయింది.

ప్రార్థన సంగతికొస్తే, మానేస్తున్నానని ఒట్టు పెట్టుకోవద్దు, నోరు బలవంతంగా తెరవొద్దు. ఆ వేళకి మామూలుగానే కూర్చోండి. అనగలిగిన వాక్యాలే అనండి. నిజమనిపించని వాక్యం దగ్గర ఆగిపోండి. మొదటి రోజు ఒక్క మాట కూడా రాకపోవచ్చు. ఏ వాక్యం దగ్గర ఆగారో నోటుబుక్కులో రాసుకోండి. నెల తర్వాత చూస్తే మీకు నిజంగా ఏది తెగింది, ఏది తెగలేదు అన్నది నా ఉత్తరం కంటే అదే బాగా చెబుతుంది.

ఒక్క సంగతి మాత్రం మీ ఉత్తరంలో ఎంత వెతికినా దొరకలేదు. ఆ పక్క సీటు ఆయన తన రాత్రి గురించి చెప్పాక, మీరు మీ రాత్రి గురించి ఆయనకి చెప్పారా? తలూపానని మాత్రమే రాశారు. చెప్పి ఉండరనుకుంటా. వాళ్లమ్మ ఇప్పుడెలా ఉన్నారో అడగండి. ఆ తర్వాత మీ నాన్నగారి సంగతి మొదలుపెట్టండి, వరండా, బెంచీ, తెల్లవారడం, అన్నీ. ఆయన తలూపుతాడా, ఏమైనా అడుగుతాడా చూసి నాకు రాయండి.